రెండు రాజ్యాల హద్దులో చెరువు

కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవుని గుడి ముందర ఒక చెరువు శాసనం ఉంది. శక సంవత్సరం 1291, అంటే క్రీస్తుశకం 1369 నాటిది. వేయించినవాడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. భవదూరుడన్నది ఆయనకు మరో పేరు. చెరువు కట్టడానికి రెండేళ్ళు పట్టిందనీ, రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి నూరు బళ్ళు నడిచాయనీ అందులో చెక్కించాడు. కామర్సు చదివి బ్యాంకులో తల నెరిపించుకున్నవాణ్ణి కాబట్టి ఆ లెక్కలు నాకు ముచ్చటగా తోచాయి. అదే శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన అంగాలు పన్నెండూ, ఉండకూడని దోషాలు ఆరూ చెప్పాడు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెట్ట, నీళ్ళు చాలక ఆయకట్టు మిక్కుటం కావడం, ఆయకట్టు చాలక నీళ్ళు మిక్కుటం కావడం - ఈ ఐదూ ఏ ఇంజనీరైనా చెప్పగలిగినవే. మిగిలిన ఒకటి వేరే జాతికి చెందింది. చెరువు రెండు రాజ్యాల హద్దులో ఉండడం దోషమట.

హద్దు సంగతి నీటికి తెలియదు కదా, మరి అది చెరువుకు దోషమెట్లా అవుతుంది? యుద్ధమొస్తే శత్రువు కట్ట తెగ్గొడతాడని ఒక అర్థం చెప్పుకోవచ్చు. నాకు మరొకటి తోస్తుంది. ఒకే రాజ్యంలో అయితే పై ఊరివాడు నీళ్ళు వదిలినప్పుడు కింది ఊరివాడు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న దొర దగ్గరకు పోయి మొరపెట్టుకోగలడు. నీళ్ళు పట్టుకున్నవాడు ఒక రాజు కిందా, మునిగేవాడు మరో రాజు కిందా ఉంటే ఆ మొర వినే చెవి ఉండదు. ఆరువందల యాభై ఏళ్ళ కిందట ఒక రాజకుమారుడు జవాబుదారీ లేకపోవడాన్ని చవుడు నేల పక్కన, ఊరే కట్ట పక్కన నిలబెట్టి లెక్కగట్టాడు. నీటి శాస్త్రంలో ఇంత నీతి ఉందని నేను అనుకోలేదు.

ఆనేకల్‌లో కూర్చుని ఈ మాట చదివితే అది మన గురించే రాసినట్టుంటుంది. (మన ఊరి పేరుకు కన్నడంలో వడగల్లు అని అర్థం చెబుతారు. వాన దెబ్బ తెలిసినవాళ్ళే పెట్టి ఉంటారు కాబోలు.) తాలూకాలో పడిన వానలో కొంత అర్కావతి వైపు జారి కావేరిలో కలుస్తుంది. కొంత తూర్పుకు తిరిగి, చెరువు నుంచి చెరువుకు దిగుతూ, దక్షిణ పినాకినిలో చేరుతుంది. ఆ నది నందికొండల్లో పుట్టి, హొసకోటె మీదుగా వచ్చి, హద్దు దాటి, హొసూరు పక్కన కెలవరపల్లి జలాశయంలో నిలుస్తుంది. అక్కణ్ణుంచి కృష్ణగిరి ఆనకట్ట, తిరువణ్ణామలై జిల్లాలో సాత్తనూరు ఆనకట్ట, చివరికి కడలూరు దగ్గర సముద్రం. హద్దు దాటాక దాని పేరు కూడా మారి తెన్‌పెణ్ణై అవుతుంది. మన వీధి చూరు నీళ్ళు కడలూరు బెస్తవాడి గుమ్మం దాకా పోతాయన్న సంగతి మనలో ఎంతమందికి తట్టి ఉంటుంది?

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్కరోజులో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసింది. డిసెంబరు 2 తెల్లవారుజామున సాత్తనూరు నుంచి 1,68,000 క్యూసెక్కులు వదిలారు. విళుప్పురం, కడలూరు జిల్లాల్లో నది ఒడ్డు ఊళ్ళు నీట మునిగాయి. ముందుగానే హెచ్చరించామని ప్రభుత్వం అంది. నిద్రలో ఉండగా నీళ్ళొచ్చాయని జనం అన్నారు. రెండూ నిజమే అయి ఉండవచ్చు. హెచ్చరిక ఇవ్వడం వేరు, అది చేరడం వేరు. భూమి వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ కుండపోత వానల ఉధృతి సుమారు 7 శాతం పెరుగుతుందని అంతర్జాతీయ వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం 2021 నివేదికలో చెప్పింది. కాబట్టి ఇలాంటి రాత్రులు మరిన్ని వస్తాయన్నదాన్లో పెద్ద అనుమానం లేదు.

ఈమధ్య వరదల గురించి ఏ సభలో మాట్లాడినా ‘తట్టుకునే శక్తి’ అన్న మాట వినిపిస్తుంది. ఊళ్ళలో, పేటల్లో ఆ శక్తిని పెంచాలంటారు. మంచి మాటే. ఐతే ఎవరు తట్టుకోవాలి, ఎవరి కోసం తట్టుకోవాలి అన్న ప్రశ్న ఆ మాట వెనక నక్కి ఉంటుంది. బక్కవాడి ఓర్పును పొగిడి, వాడి నెత్తిన ఇంకో గంప పెట్టడం మనకు కొత్తేమీ కాదు.

కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్న రోజుల్లో రాసిన ‘ముసలమ్మ మరణము’ తెలుగువాళ్ళకు తెలిసిందే. (ఆయన తర్వాత మైసూరు సంస్థానంలో విద్యాశాఖ నడిపాడు కాబట్టి కర్ణాటకలోని మనకు ఆయన మీద కాస్త ఎక్కువ హక్కుంది.) అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దైవం పలుకుతుంది. ఆమె వెళ్ళి గండిలో కలిసిపోతుంది. కన్నడంలో ‘కెరెగె హార’ అనే జానపద గాథ ఉంది. చెరువు తవ్వితే నీరు పడదు. మల్లనగౌడ చిన్నకోడలు భాగీరథిని బలి ఇస్తే పడుతుంది. బెంగుళూరు కోట గుమ్మం నిలవడానికి ప్రాణమిచ్చిందని చెప్పుకునే లక్ష్మమ్మ కూడా కెంపేగౌడ కోడలే. కోరమంగలలో ఆమె సమాధి ఉంది.

ఈ కథల్లో త్యాగాన్ని మనం చాలా పొగిడాం. నన్ను మాత్రం ఎంపిక కలవరపెడుతుంది. ప్రతిసారీ కోడలే ఎందుకు? దైవం బసిరెడ్డిని ఎందుకు అడగలేదు? చెరువు కింద ఎక్కువ మడి ఉన్నవాణ్ణి ఎందుకు అడగలేదు? ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లేది, బయటి ఇంటి నుంచి వచ్చినది, వయసులో చిన్నది - ఈ మూడూ కలిసిన చోట వేలు ఆగుతుంది. ముసలమ్మ ఒప్పుకునే పోయింది కదా అంటారు. ఒప్పుకుంది. ఊరంతా కట్ట మీద నిలబడి తనవైపే చూస్తుంటే ఒప్పుకోకపోవడానికి దారేముంది?

ఇది పాత కథ అనుకునేవాళ్ళకు మా వృత్తి లెక్క ఒకటి చెబుతాను. పద్దు పుస్తకంలో ఒకచోట జమ రాస్తే మరోచోట ఖర్చు రాయాలి. లేకపోతే పుస్తకం కలవదు. వరద నీరు కూడా అలాంటిదే. అది మాయం కాదు, చోటు మారుతుంది. పల్లంలో కొన్న సైటులో నాలుగడుగుల ఎత్తు మన్ను పోసి ఇల్లు కట్టుకున్నాయన తెలివైనవాడని మనం మెచ్చుకుంటాం. ఆయన సైటులో పడిన ఒక్కో లారీ మన్నూ అవతలి ఇంట్లో ఒక్కో లారీ నీళ్ళు. ఆయన జమ మాత్రమే రాసుకున్నాడు. ఖర్చు పద్దు అవతలివాడి గోడ మీద బురద గీతగా పడింది. 2022 సెప్టెంబరు మొదట్లో బెంగుళూరు తూర్పున, సర్జాపుర రోడ్డు పక్కన, పెద్దపెద్ద కంపెనీల ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయిన బొమ్మలు దేశదేశాల పత్రికల్లో వచ్చాయి. ఆ ఇళ్ళలో పాచిపని చేసే ఆడవాళ్ళ రేకుల షెడ్లలో ఎంత నీళ్ళు నిలిచాయో ఏ బొమ్మలోనూ సరిగ్గా చూడలేదు.

ఇళ్ళ అప్పుల విషయంలో ఒక ముసలి రైతు అన్న మాట నాకు బాగా గుర్తు. చెరువు దిగువన తన భూమిలో కొడుకు ఇల్లు కడతానంటే వెంట వచ్చాడు. క్రయపత్రం, ఖాతా, పహణీ, కందాయం రసీదు, ఇ.సి., వకీలు అభిప్రాయం, అన్నీ బల్ల మీద పేర్చాడు కొడుకు. పెద్దాయన అంతా చూసి, “ఏం స్వామీ, ఇన్ని కాగితాలు అడిగితిరి. నీళ్ళు యాడికి పోతాయో రాసిండే కాగితం అడగలేదే?” అన్నాడు. కుర్రవాడు సిగ్గుపడి “ఊరుకో నాయనా” అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను, ఎందుకంటే అలాంటి కాగితం లేదు. ఇ.సి. తెలుగులో చెప్పాలంటే ఋణభారాల పత్రం. ఆ భూమి మీద మనుషులు పెట్టిన భారాలన్నీ అందులో ఉంటాయి. నీళ్ళు పెట్టే భారం ఉండదు. వెనక్కి ముప్పై ఏళ్ళ హక్కులు వెతుకుతాం. ముందుకు ఇరవై ఏళ్ళ అప్పు ఇస్తాం. ఆ ఇరవై ఏళ్ళలో ఎన్ని వానలు కురుస్తాయో వెతకం.

దీని ఫలితం ఎవరి మీద పడుతుందో బెంగుళూరు రెండుసార్లు చూసింది. 2016 ఆగస్టులోనూ, మళ్ళీ 2022 సెప్టెంబరులోనూ రాజకాలువల మీద కట్టిన ఇళ్ళు కూల్చారు. కాలువ తెరవాలా వద్దా అంటే తెరవాల్సిందే. దాన్లో రెండో మాట లేదు. కానీ ఆ ఇంటాయన దొంగగా కట్టుకోలేదు. లేఔటు వేసినవాడు, నక్షా ఒప్పుకున్నవాడు, రిజిస్టరు చేసినవాడు, ఇంటి పన్ను కట్టించుకున్నవాడు, అప్పిచ్చిన బ్యాంకు - ఇంతమంది సంతకాలు ఆ గోడల్లో ఉన్నాయి. జేసీబీ వచ్చిన రోజున మిగిలినవాళ్ళ జీతాల్లో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇల్లు పోయినా నెల వాయిదా మాత్రం ఆగదు. ఊరిని కాపాడే పేరుతో ఆ ఒక్క కుటుంబాన్ని గండిలోకి దింపాం. చిన్నకోడలు మళ్ళీ దొరికింది.

వరద నుంచి కాపాడుకోవడమంటే నూటికి తొంభై పాళ్ళు నీటిని మరో చోటికి మళ్ళించడమే. గట్టు ఎత్తు చేస్తే అవతలి గట్టు మునుగుతుంది. గేటు దించితే పైవాడు, ఎత్తితే కిందివాడు. ఇందులో పాపం లేని పని దొరకదు. అందుకని నాకు తోచే ధర్మం మూడు మెట్లు. నీళ్ళు ఎవరి మీదికి పోతున్నాయో మనకు తెలిసి ఉండాలి. ఆ సంగతి వాళ్ళకు ముందే తెలియాలి, వాళ్ళ మాట విని ఉండాలి. వాళ్ళు పోగొట్టుకున్నది మనం పంచుకోవాలి. ఈ మూడూ లేని రక్షణ ఎంత సిమెంటు పోసి కట్టినా బలిపీఠమే.

మొదటి రెండు మెట్లూ తప్పితే ఏమవుతుందో బెజవాడలో చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అదే సమయానికి బుడమేరు పొంగింది. మామూలుగా దాని నీళ్ళను కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉంది. కృష్ణే నిండుగా ఉంటే అది తీసుకోదు. మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి. బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అని తరాలుగా పిలుస్తున్నారు. పేరు పెట్టడంలో మనకున్న చురుకుదనం ఆ పేటల్లో గడప గడపకూ వెళ్ళి “లేవండి, నీళ్ళొస్తున్నాయి” అని చెప్పడంలో లేకపోయింది.

ఒకప్పుడు ఆ చెప్పే పని ఒకరికి అప్పగించి ఉండేది. మన ప్రాంతంలో నీరుగంటి అంటారు. తూము తెరిచేది, మూసేది, ఎవరి మడికి ఎంత పారాలో చూసేది, వాన రాత్రుల్లో లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేది అతడే. చెరువు కోడి పడితే కింది ఊరికి కబురు పోయేది. సప్తసంతానాల్లో తటాకం ఒకటని చెరువు తవ్వించినవాడికి పుణ్యం రాశారు, శాసనం వేశారు. కట్ట మీద రాత్రంతా తడిసినవాడికి పంటలో నాలుగు బళ్ళలు కొలిచి చేతులు దులుపుకున్నారు. అతడు చాలా ఊళ్ళలో దళితుడు. నీళ్ళు పంచేవాడే అయినా ఊరి బావి దగ్గర అతనికి చోటు లేదు. కర్ణాటకలో 1961 చట్టంతో వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. పోవలసినవే పోయాయి, దానికి నాకు విచారం లేదు. కులంతోపాటు ఆ లాంతరు కూడా ఆర్పేశామే అన్నదే నా బాధ. ఉద్యోగం రద్దు చేసిన మనం ఆ పని ఇక ఎవరిదో చెప్పలేదు.

ఆ లాంతరును కులం లేకుండా వెలిగించవచ్చని బంగ్లాదేశ్ చూపించింది. 1970 నవంబరు తుఫానులో అక్కడ కనీసం 3 లక్షల మంది పోయారు. ఆ తర్వాత ఊరూరా స్వచ్ఛంద సేవకులను తయారు చేశారు. ఇప్పుడు 70 వేలకు పైగా ఉన్నారు, వాళ్ళలో సగంమంది ఆడవాళ్ళు. చేతిలో మైకు, జెండాలు, తలుపు తట్టే అలవాటు - ఇంతే సరంజామా. 2007లో సిద్ర్ వచ్చినప్పుడు సుమారు మూడున్నర వేలమంది చనిపోయారు. అదీ తక్కువ కాదు, కానీ 1970 పక్కన పెట్టి చూడండి. మన దివిసీమలో 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనకు పోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే పదివేలు. ఆ రాత్రి తలుపు తట్టినవాళ్ళు ఊరికి పదిమంది ఉండి ఉంటే అన్న ఆలోచన ఆ తరంవాళ్ళను ఇంకా వదల్లేదు.

మూడో మెట్టు, నష్టం పంచుకోవడం, అన్నిటికంటే కష్టం. దీనికి నెదర్లాండ్స్ నుంచి ఒక ఉదాహరణ చెప్పవచ్చు. 1993, 1995 వరదల తర్వాత గట్లు ఇంకా ఎత్తు చేస్తూ పోవడం మానేసి, నదికే చోటివ్వాలని అక్కడ ఒక పథకం వేశారు. మాస్ నది పక్కన ఓవర్‌డీప్ అనే పల్లపు భూమిలో పాడి రైతులుండేవారు. ఎగువనున్న డెన్ బోష్ పట్టణం మునక్కుండా ఉండాలంటే పెద్ద వరదలో వీళ్ళ పొలాల మీదికి నీళ్ళు వదలాలి. అందరూ ఊరు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్నప్పుడు ఆ రైతులే కూర్చుని తమ ప్రణాళిక తామే ఇచ్చారు. కొందరు పరిహారం తీసుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు ఎత్తైన మట్టిదిబ్బలు పోసి వాటి మీద కొత్త ఇళ్ళు, కొట్టాలు కట్టుకునే ఏర్పాటు చేశారు. అక్కడ కూడా పట్టణం కోసం పల్లె ఇచ్చింది. ఐతే ఇచ్చినవాణ్ణి పేరు పెట్టి అడిగారు, అతని మాట కాగితం మీదికి ఎక్కింది, ఖర్చు దేశం భరించింది. ధనిక దేశం కాబట్టి చెల్లింది అంటారా? డబ్బు సంగతి ఒప్పుకుంటాను. అడగడానికి డబ్బు అక్కర్లేదు కదా.

2022లో ఈజిప్టులో జరిగిన ప్రపంచ వాతావరణ సభలో, వేడి పెంచిన దేశాలు నష్టపోతున్న దేశాలకు సాయం చేయడానికి ఒక నిధి పెట్టాలని తీర్మానం చేశారు. ఏళ్ళ తరబడి బీద దేశాలు అడిగిన న్యాయం అది. మనమూ ఆ పక్షమే. పొగ వదిలింది వాళ్ళు, మునిగేది మేము అంటాం, నిజమే. ఆ సభలో మనం కింది చెరువు వాళ్ళం. మరి ఆనేకల్‌లో? ఇక్కడ మనం పై చెరువు వాళ్ళం. బెంగుళూరు మురికి కెలవరపల్లి జలాశయంలో నురగగా తేలడం హొసూరు వాళ్ళు ఏటేటా చూస్తున్నారు. మన చెరువులు పూడ్చి, రాజకాలువలు ఇరుకు చేసి, లేఔట్ల మీద పడిన నీటిని సిమెంటు మోరీల్లో గంటలో కిందికి తోసేస్తే, ఆ తొందర కూడా వాళ్ళకే చేరుతుంది. ప్రపంచ సభలో అడిగిన న్యాయాన్ని తాలూకా హద్దులో మరిచిపోతే మన మాటకు విలువేముంటుంది?

ఈ నది మీద పాత ఒప్పందం ఒకటుంది. 1892లో మైసూరుకూ మద్రాసుకూ జరిగింది. పై రాజ్యం కొత్త చెరువులు కట్టి కింది రాజ్యపు నీళ్ళు ఆపకూడదన్న చింతతో పుట్టిన ఒప్పందమది. మార్కండేయ నది మీద కోలారు జిల్లాలో కట్టిన ఆనకట్ట గురించి తమిళనాడు 2018లో సుప్రీంకోర్టుకు పోయిన తగాదా కూడా తక్కువ నీళ్ళ తగాదాయే. నీళ్ళు ఎక్కువైన రాత్రి ఎవరు ఎవరికి బాధ్యులన్న చర్చ ఈ తగాదాల్లో వినపడదు. కరువు గురించే కొట్లాడుకున్న రెండు రాజ్యాలు వరద గురించి కూర్చుని మాట్లాడుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం. అందాకా వాన ఆగదు.

ఇక్కడే తెలుగువాళ్ళుగా మనకు ఒక చిన్న పని కనిపిస్తుంది. 1956లో రాష్ట్రాలు పంచుకోక ముందే, మైసూరు, మద్రాసుల కాలంలోనే, ఆనేకల్ ఒక పక్కకూ, హొసూరు ఒక పక్కకూ పోయాయి. రెండు పక్కలా తెలుగు మిగిలింది. మన ఇళ్ళ ఆడపిల్లలు బాగలూరులో, బేరికెలో కోడళ్ళు. అక్కడి పిల్లలు మన ఇళ్ళల్లో కోడళ్ళు. ఈ మాసపత్రిక కూడా హద్దుకు అటూ ఇటూ చదువుతున్నారు. సర్కారు హెచ్చరిక ఇటు కన్నడంలో తయారవుతుంది, అటు తమిళంలో. రెంటి మధ్య రెండు జిల్లా కార్యాలయాలు, రెండు రాజధానులు. మన చెరువు కోడి పడిన రాత్రి “అక్కా, నీళ్ళు దిగుతా ఉండాయి, పశువుల్ని విప్పేయండి” అనే మాటకు ఆ దారులేవీ అక్కర్లేదు. చెరువుకు ఇద్దరు, ముగ్గురు. కింది ఊళ్ళో ఇద్దరు, ముగ్గురు. వాళ్ళ ఫోను నెంబర్లు రెండు వైపులా గుడి గోడ మీదా, మసీదు గోడ మీదా, పాల డెయిరీ బోర్డు మీదా రాసి ఉంచడానికి ఎవరి అనుమతీ కావాల్సిన పని లేదు. ముందు కావలసింది పై చెరువు కోడి నీళ్ళు ఏ ఊరి పొలాల మీదుగా పోతాయో తెలిసినవాళ్ళు. అప్పటి ముసలి రైతు లాంటివాళ్ళు ఊరికి ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. వాళ్ళను కూర్చోబెట్టి, చెరువు పేరు, కోడి దిక్కు, కింది ఊరి పేరు వరసగా రాసుకోవాలి. మా వైపు ఊళ్ళ జాబితా మేము మొదలుపెట్టాం. హద్దుకు అవతలి ఊళ్ళ పేర్లు అక్కడి పాఠకులు పంపితే బాగుంటుంది.